మైనపు దాది జోలపాట

పుణె,
జూన్ 10

చెల్లె ఉషకు,

ఫోన్ చేయకుండా బడి అడ్రసుకు ఉత్తరం రాశాడేమిటని కంగారు పడకు. ఇక్కడ అందరం బాగున్నాం. ఫోన్ చేస్తే కొడుకు గొంతు వినాలని అవ్వ స్పీకర్ పెట్టమంటుంది. వాట్సాప్‌లో పెడితే మీ రుచిత నీకంటే ముందు చదువుతుంది. ఈ సంగతి వాళ్లిద్దరికీ తెలియకూడదు.

నా పిచ్చి నీకు కొత్త కాదు. యాభై ఏళ్ల కిందటి ఇటలీ వాళ్ల, స్పెయిన్ వాళ్ల భయం సినిమాలు, వాటి సంగీతం ఉన్న రికార్డులు ఇంటి నిండా పోగేశానని మీ వదిన చుట్టాలందరికీ చెప్పి నవ్వుతుంది. నవ్వనీ. ఆ సినిమాల్లో రక్తం చూస్తే రంగు డబ్బా ఒలికిందని చిన్నపిల్లలు కూడా కనిపెడతారు. మాటలకీ పెదాలకీ పొంతన ఉండదు, కథకు తలా తోకా ఉండదు. కానీ సంగీతం మొదలైతే మాత్రం ఒళ్లు జలదరిస్తుంది. మనిషిని పొడిచే చోట పెళ్లికూతురు నడిచి వస్తున్నంత అందమైన బాణీ వేస్తారు. ఆ పెంకితనమంటే నాకు ప్రాణం.

ఇక్కడ మాలాంటి వాళ్లం కొందరం కలిసి ఒక చిన్న హాలు కిరాయికి తీసుకుని ఆదివారాలు అవే వేసుకుంటాం. మొన్న వేసిన ఇటలీ సినిమా పేరును తెలుగులో చెప్పాలంటే ‘మైనపు దాది’. కొండ మీద అనాథ పిల్లల ఇల్లు. అందులో తెల్ల ఏప్రాన్ కట్టుకున్న ఒక దాది. ముఖంలో కదలిక ఉండదు కాబట్టి పిల్లలే ఆమెకు ఆ పేరు పెడతారు. ఆమె ఒక్కో ఉయ్యాల దగ్గరికి వచ్చి పెదాలు మూసుకుని ఒక జోల పాడుతుంది. ఆ తర్వాత దీపం ఆరిపోతుంది. తర్వాత ఆ ఉయ్యాలలో ఊపిరి ఉండదు.

ఉషా, అది అవ్వ జోలపాట.

పోలిక ఉంది అనడం లేదు. అదే. బొమ్మపెట్టెలోంచి వచ్చినట్టు చిన్న గంటలు, అడుగున చర్చి ఆర్గాన్, పైన మాటలు లేని ఆడగొంతు. నీకూ నాకూ, మా వాడికీ, మీ రుచితకూ తొట్టెల్లో వేసిన రోజు అవ్వ చెవి దగ్గర పాడిన ఊఁ ఊఁ అదే. మధ్యలో ఒకచోట ఆగి, పడిపోతుందేమో అన్నట్టు కిందికి జారి మళ్లీ లేస్తుందే, ఆ జారుడుతో సహా అదే. పక్కాయన నీళ్లు తాగమన్నాడు. వందల సినిమాలు చూసినవాణ్ని, సగంలో లేచి బయటికొచ్చేశాను.

రుచిత కాన్పు దగ్గర పడుతోంది. మళ్లీ అవ్వ అదే పాడుతుంది. నాకేం చేయాలో తోచడం లేదు.

నీ అన్న,
రత్నాకర్

*

సిద్దిపేట,
జూన్ 19

అన్నా,

ఉత్తరం అందింది. మా హెడ్‌మాస్టరు కవరు అటూ ఇటూ తిప్పి చూసి, “ఏంది టీచరమ్మ, ఈ కాలంల ఉత్తరాలు ఎవలు రాస్తున్నరు?” అన్నాడు. మా అన్నకు పాత వస్తువులంటే ఇష్టమని చెప్పాను.

లేచిన దగ్గర్నుంచి పీనుగుల సినిమాలు చూస్తే ఇలాగే అవుతుంది. నీకు రేపు కుక్కర్ విజిల్‌లో కూడా దయ్యం వినిపిస్తుంది. అవ్వ ఎప్పుడైనా సినిమా పాట పాడగా విన్నావా? బతుకమ్మ పాటలు తప్ప ఇంకో పాట ఆమె నోట రాదు. ఇటలీ ఎక్కడ, మన లింగవ్వ ఎక్కడ! ఆ జోల వాళ్లమ్మ దగ్గర నేర్చుకున్నదై ఉంటుంది. లోకంలో జోలపాటలన్నీ ఒకలాగే ఉంటాయి, పిల్లలందరూ ఒకలాగే ఏడుస్తారు కాబట్టి.

ఇంతవరకూ నిన్న రాశాను. ఇవాళ మధ్యాహ్నం స్టాఫ్‌రూంలో ఎవరూ లేనప్పుడు, నువ్వు చెప్పిన సినిమా ఫోన్‌లో వెతికి పెట్టాను. ఆ దాది మొదటిసారి ఉయ్యాల దగ్గరికి వచ్చేదాకా చూశాను. తర్వాత ఫోన్ బోర్లా పెట్టేశాను.

నువ్వు చెప్పింది నిజం అన్నా. ఐదో పీరియడ్ పద్యం చెప్పాల్సి ఉంటే పిల్లల్నే చదువుకోమని కుర్చీలో కూలబడ్డాను. నన్ను నిద్రపుచ్చిన పాట, నా బిడ్డను నిద్రపుచ్చిన పాట అలాంటి చోట నుంచి వచ్చిందంటే నమ్మడం నావల్ల కావడం లేదు.

రుచితకు చెప్పకు. ఎనిమిదో నెల పడింది, దానికసలే అన్నిటికీ భయం. అవ్వకు అంతకన్నా చెప్పకు. ఇంకొక మాట, మిగిలిన కథ నాకు రాయకు. నీకు కథ చెప్పకపోతే కడుపు ఉబ్బుతుందని తెలుసు. అయినా సరే.

ఉష

*

పుణె,
జులై 2

ఉషా,

ఎట్లా జరిగిందో నాకు తట్టింది. బాపు!

పాత బస్టాండు వెనక టాకీసులో బాపు ఆపరేటర్. ఆ రోజుల్లో ఆదివారం పొద్దుటాట ఇంగ్లీషు సినిమా. ఇంగ్లీషని పేరే కానీ సగం ఇటలీవీ, ఫ్రెంచివీ. ఆడవాళ్లు ఆ వైపు కూడా చూసేవాళ్లు కాదు. ఆ సినిమా కొన్ని వారాలు ఆడి ఉంటుంది. బాపు నోట్లో బాణీ నాని, ఇంటికి వచ్చి ఈల వేసి ఉంటాడు. అవ్వ విని, బాగుందని మనకు పాడింది. పాపం, ఆమెకేం తెలుసు? నేరమంతా మన బాపు రాజమల్లయ్యగారిదే, ఆయనేమో ఫోటోలో నవ్వుతున్నాడు.

ఇట్లా అనుకున్నాక కాస్త ఊపిరాడింది. నిజం చెప్పొద్దూ, కొంచెం గర్వంగా కూడా ఉంది. రోమ్‌లో ఎవరో వేసిన బాణీ సిద్దిపేటలో మన తొట్టెల దాకా వచ్చింది. నోరు మూసుకుందాం. అవ్వ పాడుకోనీ.

(ఆఖర్లో ఆ దాది ఏమవుతుందో చెప్పనా? సరే, చెప్పనులే.)

నీ అన్న

*

సిద్దిపేట,
ఆగస్టు 24

అన్నా,

ఆడపిల్ల పుట్టిందని ఫోన్‌లో విన్నావు కదా. బిడ్డా తల్లీ బాగున్నారు. కానీ ఇల్లు బాగాలేదు. నిన్న జరిగింది నువ్వు నమ్మవు. కళ్లారా చూసి కూడా నేనే నమ్మలేకపోతున్నాను.

ఆ రోజు నేను ఫోన్‌లో ఆ సినిమా పెట్టాను కదా. నా అకౌంటే మా ఇంట్లో టీవీకీ ఉంది. సగం చూసి వదిలేసిన సినిమాలను అది గుర్తు పెట్టుకుని పైన చూపిస్తుందని నాకేం తెలుసు? నిన్న సాయంత్రం రుచిత బిడ్డను ఒళ్లో వేసుకుని టీవీ పెట్టింది. ఇదేదో కొత్తగా ఉందని నొక్కింది. అవ్వ పక్కనే కింద కూర్చుని ఎల్లిపాయలు ఒలుస్తోంది. నేను వంటింట్లో ఉన్నాను.

ముందు గంటల శబ్దం వినిపించింది. వెంటనే రుచిత సంతోషంగా అరిచింది. “అమ్మమ్మా, నీ పాట! టీవీల నీ పాట వస్తుంది!”

పాలగిన్నెతో పరుగెత్తాను. టీవీలో ఆ తెల్ల ఏప్రాన్ మనిషి ఉయ్యాల మీదికి వంగి ఉంది. ఆపు అనబోయాను. అంతలో అవ్వ, తల కూడా ఎత్తకుండా, ఎల్లిపాయ పొట్టు ఊదుకుంటూ అంది.

“ఇప్పుడు దీపం ఆర్తది సూడు. గప్పుడు మెత్త వట్టుకుంటది. కిటికీల నుంచి పెద్దపిల్ల సూస్తది గని, ఎవలకు జెప్పది.”

దీపం ఆరింది. ఆమె దిండు తీసుకుంది. కిటికీలో పెద్దపిల్ల ముఖం కనిపించింది.

నా చేతిలో పాలు ఒలికాయో లేదో నాకు గుర్తు లేదు. రుచిత టీవీ వైపూ అవ్వ వైపూ చూసింది. “అమ్మమ్మా, నువ్వు గీ సినిమా సూసినవా?” అంది. అవ్వకు అప్పుడు తెలివి వచ్చినట్టుంది, చేతిలో ఎల్లిపాయ అలాగే పట్టుకుని ఉండిపోయింది. “తెల్సే పాడినవా? నా బిడ్డకు గూడ గిది తెల్సే పాడుదామనుకున్నవా?”

అవ్వ అవునన్నట్టు తలూపింది.

రుచిత బిడ్డను ఎత్తుకుని లోపలికి పోయి గడియ పెట్టుకుంది. ధూళిమిట్టకు ఫోన్ చేసి మా అల్లుడు శైలేందర్‌ను కారు తెమ్మంది. తొట్టెల పండుగ మా అత్తగారింట్లనే చేసుకుంటం, అమ్మమ్మ రావొద్దు అని చెప్పేసింది. మీ బావ బతిమాలుతుంటే తలుపు వెనక నుంచి ఏడుపే వినిపించింది.

అవ్వను ఎంత అడిగినా పలకడం లేదు. అన్నం ముట్టలేదు. అన్నా, బాపు ఈల వేసిన కథ కాదు ఇది. ఆమె ఆ సినిమా మొత్తం చూసింది. పాటకు తర్వాత ఏం జరుగుతుందో తెలిసే మన చెవుల్లో పాడింది. నాకు మొదటిసారి మన అమ్మంటే భయమేసింది. ఈ మాట రాస్తుంటేనే సిగ్గుగా ఉంది.

ఉష

*

పుణె,
ఆగస్టు 31

ఉషా,

నీ ఉత్తరం చదివి ఆఫీసుకు సెలవు పెట్టాను. రికార్డుల అలమారకు దుప్పటి కప్పేశాను, చూడబుద్ధి కాలేదు.

రుచిత చేసింది సరైన పనే. పాడనివ్వకు. సినిమా వేరు, తొట్టెల వేరు. వెయ్యి పాటలు ఉండగా పిల్లల్ని చంపేదాని పాట ఎందుకు పట్టుకుంది? కన్నతల్లి చేసే పనేనా అది? నాకు కోపం వస్తోంది, ఆ కోపం ఎవరి మీదో తెలియడం లేదు. ఇన్నేళ్లు ఏదైనా బాధ కలిగితే ఆ బాణీ తలుచుకునే నిద్రపోయాను నేను. పోయినేడాది నన్ను ఆపరేషన్‌కు తీసుకెళ్తుంటే కూడా అదే అనుకున్నాను. ఇప్పుడు దాన్ని ఏం చేసుకోను?

అడుగు. ఎందుకు పాడిందో అడుగు. చెప్పకపోతే నేనే వస్తాను.

రత్నాకర్

*

సిద్దిపేట,
సెప్టెంబర్ 8

అన్నా,

అడిగాను. చెప్పింది. కూర్చుని చదువు.

శైలేందర్ మొన్న కారు తెచ్చాడు, అంతకుముందు కుదరలేదట. సామాను సర్దేశారు. అవ్వ రుచిత గది గడపకు ఇవతల కూర్చుంది, లోపలికి అడుగు పెట్టలేదు. నేను నీ ప్రశ్నే అడిగాను, కొంచెం కఠినంగానే అడిగాను. ఆమె చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను.

“రత్నాకర్ కంటె ముందుగాల నాకు ఇద్దరు పుట్టిన్రు బిడ్డా. పెద్దది ఆడివిల్ల. బాలలక్ష్మి అని పేరు వెట్టినం. తొట్టెలేసినం, వాడకట్టు ఆడోళ్లందరు మంచి మంచి పాటలు వాడిన్రు. నెల తిర్గకముందే పోయింది. రెండోది మొగపిలగాడు. వానికైతె ఇంక ఎక్కువ పాడిన్రు. వాడు గూడ పోయిండు. దవాఖానల ఏం జెప్పలే.”

మనకు అక్క ఉందట అన్నా. అన్న ఉన్నాడట. అదే ఇంట్లో పుట్టి పెరిగి, వాళ్ల పేరు ఒక్కసారి కూడా వినలేదు మనం.

“గప్పుడు నాకు ఇంట్ల ఉండ బుద్ధయ్యేది గాదు. తొట్టెల కట్టిన దూలం కండ్లవడేది. మీ బాపుకు సద్ది వట్టుకొని టాకీసుకు వొయ్యేదాన్ని. ఆడోళ్లు పొయ్యే ఆట గాదు గద, అందుకని మీ బాపు నన్ను మిషన్ రూముల కూసోవెట్టిండు. గాడ గోడకు చిన్న బొక్క ఉంటది, అండ్లకెల్లి సూసేదాన్ని. మాట సమజ్ గాకపోతుండె. గని అది పాట వాడుడు, పిల్లలు పోవుడు సమజైతది గద. నాకు భయం గాలే. నా ఇంట్లకొచ్చింది గీమెనే అనుకున్న. మొకం సూసిన, పాట నేర్సుకున్న.”

నువ్వు పుట్టినప్పుడు నానమ్మ నిన్ను పెంటకుప్ప మీద వేసి, చాటలో తెచ్చుకుని, పెంటయ్య అని పేరు పెట్టాలని పట్టుబట్టిందట. పిల్లలు దక్కనివాళ్లు అట్లా చేస్తారు కదా, ఎవరికీ పనికిరాని బిడ్డ అనుకుని చావు వదిలేస్తుందని. బాపు ఒప్పుకోలేదట. “ఆపరేటర్ కొడుకును పెంట మీద ఎయ్యనియ్య” అని తనే రత్నాకర్ అని పేరు పెట్టాడట. అవ్వకు దిక్కు తోచలేదు.

“గందుకే నేను దాని పాటనే వాడిన. అది గడప దాక వచ్చి ఇంటది. దాని పాట అప్పటికే లోపట వినవడ్తది. ఇగ గీ ఇంట్ల పని అయిపోయింది, మనమొచ్చి పోయినం అనుకొని మొకం తిప్పుకుంటది. నువ్వు దక్కినవు. మీ అన్న దక్కిండు. మీ బాపు ఆ పాట ఇని ఒక్కసారి నా మొకం దిక్కు సూసిండు. అంతే, మల్ల ఏం అనలే.”

అన్నా, నువ్వు కన్నతల్లేనా అన్నావు. నాకు ఆమెను చూసి భయమేసిందని రాశాను. మనిద్దరం ఏం మనుషులం?

లోపల గడియ తీసిన చప్పుడైంది. రుచిత బిడ్డతో గడప దగ్గర నిలబడి ఉంది, అంతా విన్నది. ఏడుస్తూ బిడ్డను అవ్వ ఒళ్లో పెట్టబోయింది. “పాడు అమ్మమ్మా” అంది.

అవ్వ చేతులు వెనక్కి తీసుకుంది. ఆ ముఖం నేనెన్నడూ చూడలేదు, అంత భయం. “ఇగ పన్జెయ్యది బిడ్డా. నోటితోని చెప్పిన గద. అది ఇన్నదిప్పుడు. గది దొంగ పాట అని దానికి ఎర్కైంది” అంది.

రుచిత ధూళిమిట్ట పోవడం లేదు. తొట్టెల ఇక్కడే చేస్తాం. కానీ అవ్వ బిడ్డ దగ్గర నుంచి కదలడం లేదు, ఊపిరి ఉందా లేదా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తోంది. అన్నం ఒక్క ముద్ద దిగడం లేదు. ఇదంతా ఉత్తదే అవ్వా అని టీచర్నైన నేను చెప్పాలి. చెప్పలేకపోతున్నాను, ఎందుకంటే నేనూ లేచి వెళ్లి చూస్తున్నాను.

ఉష

*

పుణె,
సెప్టెంబర్ 15

ఉషా,

నీ ఉత్తరం మీ వదినకు చదివి వినిపించబోయాను. బాలలక్ష్మి పేరు దగ్గర ఆగిపోయాను. తనే తీసుకుని చదివింది.

ఇంటికి పెద్దవాణ్నని ఇన్నేళ్లు మీ అందరి మీదా పెత్తనం చేశాను. నేను మూడోవాణ్ని. నాకంటే ముందు ఇద్దరు ఆ తొట్టెల్లో పడుకుని వెళ్లిపోయారు. ఆ ఇద్దరికీ దక్కనిది నాకు దక్కింది. ఇది ఇంకా నా తలకు ఎక్కడం లేదు. అవ్వను అన్న మాటకు నా నోరు కడుక్కున్నా పోదు.

భయం సినిమాలంటే నాకు బాగా తెలుసుననుకున్నాను. సంగీతం గురించి గంటలు గంటలు మాట్లాడతాను. ఆ గోడ బొక్కలోంచి అవ్వ చూసినట్టు ఒక్క సినిమా కూడా నేను చూడలేదు.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా విను. పెన్‌డ్రైవ్ ఒకటి పంపుతున్నాను. అందులో ఒకే బాణీ ఉంది. అలమార మీది దుప్పటి తీసి రెండు రోజులు వెతికి పట్టుకున్నాను. మాటలు లేవు, ఆడగొంతు, కింద సన్నగా ఒక తీగవాద్యం. అవ్వ పెదాలకు లొంగుతుంది. ఏ దేశం సినిమాదో రాయను. పేరు రాయను. కథ రాయను. రికార్డు అట్ట మీద నల్లరంగు పూశాను. మా క్లబ్బులో ఎవరికీ వినిపించలేదు, మీ వదినకూ చెప్పలేదు. చచ్చేదాకా చెప్పను. ఏ ఫోన్‌లోనూ వెతక్కండి.

దీని గుట్టు ఎవరి నోటితోనూ బయటికి రాదని అవ్వకు చెప్పు.

రత్నాకర్

*

సిద్దిపేట,
సెప్టెంబర్ 29

అన్నా,

తొట్టెల అయింది. నువ్వు రైలు దొరక్క రాలేకపోయినందుకు మీ బావ అలిగాడు, పట్టించుకోకు.

పెన్‌డ్రైవ్ వచ్చిన రోజు అవ్వను కూర్చోబెట్టి నీ మాట చెప్పాను. కొంచెంసేపు నమ్మలేదు. “వాడు కథ జెప్పకుంట ఉంటడా? చిన్నప్పుడు సినిమా సూసొస్తే వాడకట్టంత కూసోవెట్టి చెప్పేటోడు” అంది. ఈసారి చెప్పడట అన్నాను. అప్పుడు వినిపించమంది. కళ్లు మూసుకుని వింది. మళ్లీ పెట్టమంది. మళ్లీ. రుచిత పక్కన కూర్చుని తనూ నేర్చుకుంది. పాడుతూ ఒకచోట తప్పుతుంటే అవ్వ తొడ మీద తట్టి సరిచేసింది.

ఆడవాళ్లంతా వచ్చి, ఉయ్యాల పాటలు పాడి, శనగ గుడాలు తిని వెళ్లారు. తర్వాత అవ్వ తొట్టెల మీదికి వంగి కొత్త పాట పాడింది. నాకు వెన్నులో వణుకు పుట్టింది, ఎందుకో తెలియదు. అంత అందంగా ఉంది. బిడ్డ నిద్రపోయింది. ఆ రోజు అవ్వ రెండుసార్లు అన్నం పెట్టించుకుంది.

బిడ్డకు బాలలక్ష్మి అని పేరు పెట్టింది రుచిత. ఎవరినీ అడగలేదు.

అవ్వకు ఒకటే అనుమానం మిగిలింది, నిన్ను అడగమంది. “కథ వద్దు, పేరు వద్దు. గని గది నిజంగ భయపడే సినిమానేనా? మెత్తగుంటే పన్జెయ్యది. గదొక్కటి అడుగు” అని రోజూ నన్ను పొడుస్తోంది. ఒక్క ముక్క రాయి.

ఉష

*

పుణె,
అక్టోబర్ 6

ఉషా,

చాలా భయం. అవ్వను నిశ్చింతగా పాడుకోమను.

నీ చిన్నన్న,
రత్నాకర్